కనకాంబరాల ఏడాది

వైశాఖం, బహుళ విదియ

ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన ఈ మిషన్ పలక మీద రోజూ ఒక్క మాట రాస్తే చాలన్నారు. ఉంది అని గానీ, లేదు అని గానీ. నేను చదివింది ఐదో తరగతి వరకే కాబట్టి ఆ ఒక్క మాటా నాకు సరిపోతుందనుకున్నారేమో. నలుగురిలో నోరు పెగలదు కానీ, చేత్తో అయితే ఎంతైనా రాయగలను. చిన్నప్పటి నుంచీ అంతే.

ఇవాళ నన్ను ముక్కుకోడలిగా నిలబెట్టారు. తెల్లరేవులో ఇది ఆనవాయితీ. బయటి ఊరి నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల మొదటి ఏడాదంతా పొద్దున్నే ఫ్యాక్టరీ గొట్టాల వెంట నడవాలి. ఇక్కడ పుట్టినవాళ్ళు మందుల ఘాటులోనే పెరగడంతో వాళ్ళ ముక్కులు మొద్దుబారిపోయాయి. గొట్టానికొక మిషన్ ఉంది, పచ్చదీపంతో. కానీ మిషన్‌కి నేర్పిన వాసనే తెలుస్తుంది. నేర్పని వాసన వస్తే పచ్చగానే వెలుగుతూ కూర్చుంటుంది. అందుకని కొండగాలి పీల్చి పెరిగిన ముక్కు కావాలి.

మాది కొండ కింది ఊరు. పెళ్ళిచూపుల్లో మా అత్త బంగారమ్మ నన్ను వంట వచ్చా అనీ అడగలేదు, పాట వచ్చా అనీ అడగలేదు. గుప్పిట మూసి నా ముక్కు కింద పెట్టింది.

"ఇందులో ఏటుందో సెప్పు."

వాము, అన్నాను. సంబంధం కుదిరిపోయింది.

నడక అయ్యాక గేటు దగ్గర రాతిమెట్టు ఎక్కి నిలబడాలి. దిగే షిఫ్టు ఒక పక్క, ఎక్కే షిఫ్టు ఒక పక్క. అందరూ వినేలా నేను మాట చెబితేనే షిఫ్టు కూత మోగుతుంది. ఈరోజు వాసన ఏమీ లేదు. "నేదు" అన్నాను. కాగుల మేస్త్రి గురువులు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏటమ్మా, దోమ మాటాడినట్టు మాటాడతన్నావు? కొండోళ్ళు మాటలు కూడా మూట కట్టుకుంటారేటి?"

రెండు షిఫ్టులూ నవ్వాయి. నేను మెట్టు మీదే ఏడ్చేసేదాన్ని. మా మావ, అంటే నా పెనిమిటి తవిటినాయుడు, ఎక్కే షిఫ్టులో నిలబడి తల దించుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. అది చూసి నాకూ కొంచెం నవ్వొచ్చింది.


వైశాఖం, బహుళ దశమి

ముక్కుకోడలు ఈ ఏడాదంతా ఇంగువ తినకూడదు. వాసన నూనె రాసుకోకూడదు. పువ్వులు పెట్టుకోకూడదు. కొత్త పెళ్ళికూతురు బోసి జడతో తిరిగితే మా అమ్మ చూసి ఏమంటుందో.

నిన్న మావ కాగుల నుంచి వస్తూ ఆకుపొట్లం తెచ్చాడు. విప్పితే కనకాంబరాలు.

"ఈటికి వాసనుండదు కదేటి. రూలు తప్పినట్టు కాదు" అన్నాడు. తనే తెలివిగా కనిపెట్టినందుకు మురిసిపోతున్నాడు.

ఇంట్లో నా పని నిజానికి ముక్కుతోనే. అత్త పోపు వేసి, "ఒలే అసిరీ, మాడిందేటి సూడు" అంటుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ పోపును కంటితోనే వేస్తోంది. పక్కింటివాళ్ళు పాలగిన్నె పట్టుకొస్తారు. విరిగాయా లేదా చెప్పాలి. ఎదురింటి ముసలాయన తన చొక్కా పట్టుకొచ్చి, "ఉతకాలా, ఇంకో రోజు ఆగొచ్చా?" అని అడిగాడు. ఆగొద్దు తాతా, అన్నాను. ఊళ్ళో నేను ఇంత మందితో ఇన్ని మాటలు మాట్లాడతానని అనుకోలేదు.


జ్యేష్ఠం, శుద్ధ పంచమి

మధ్యాహ్నం డాబా మీద వడియాలు పెడుతూ ఫ్యాక్టరీ నెత్తిన ఉన్న తెల్లసంచిని చూస్తూ కూర్చున్నాను. లోపలి కాగుల ఆవిరి, ఊపిరి అంతా ఆ సంచిలోకే వస్తుంది. ఉబ్బుతుంది. తర్వాత దాన్ని పిండి లోపలికే పంపేస్తారు, కుంగుతుంది. ఆకాశంలోకి పిసరంత పోదు. చూస్తుంటే ఊరే రొమ్ము ఎగరేస్తూ నిద్రపోతున్నట్టు ఉంటుంది.

ఇక్కడ చేసేది జ్వరం మందు. మందుని కడగడానికి ఒక ద్రవం కావాలి. పూర్వం అది భూమిలోంచి తీసిన నూనెతో చేసేవారట, వాడి పారేసేవారట. ఆ నూనె తీయడం మా తాతల నాడే ఆపేశారు. ఉన్న ద్రవాన్నే మళ్ళీ మళ్ళీ వాడాలి. మావ పనిచేసే పెద్దకాగులో మురికి ద్రవాన్ని కాస్తారు. ఆవిరి పైకి లేచి, చల్లబడి, శుభ్రంగా చుక్కలు చుక్కలుగా దిగుతుంది. ఆ తిప్పుడుకి వీళ్ళు పెట్టుకున్న పేరు తిరగలి. కాగు అడుగున మిగిలే నల్లటి ముద్ద మడ్డి. దాన్ని పడవ మీద జిల్లా బట్టీకి పంపి కాల్చిస్తారు.

రాత్రి అన్నాలప్పుడు, నేను వచ్చాక రేవులో మడ్డి పడవ ఒక్కసారీ కనబడలేదేమని అడిగాను.

"ఈ ఏడు మన కాగుకి మడ్డే నేదు" అన్నాడు మావ.

"అదెలాగ?"

"మడ్డిలో కూడా సారం ఉంటాది కదేటి. మళ్ళా కాగులోనే ఏసేస్తన్నాం. గురువులు మేస్త్రి సెప్పినాడు. మడ్డి ఎంత తగ్గితే జెండాకి అంత మంచిది."

జెండా అంటే గేటు మీది తెల్లజెండా. పొగ రాని ఊరికి, చెత్త బయటికి తక్కువగా పంపే ఊరికి ఇస్తారు. జెండా ఉన్న ఊరికి ఏటా కొత్త ద్రవం కొంచెం వస్తుంది. అది మొక్కల నుంచి పిండి తీసేది, చాలా అరుదు. జెండా పోతే అదీ రాదు, మందు తగ్గిపోతుంది. తెల్లరేవుకి ఏడేళ్ళుగా జెండా ఉంది.

అత్త మెచ్చుకుంది. "అడుగంటిన అన్నం పారీసిన ఇల్లు నిలబడదు. మా గురువులు ఇల్లాలి లాగ ఆలోసించినాడు."

నాకు మాత్రం గారెల నూనె గుర్తొచ్చింది. ఒకసారి కాచిన నూనె మళ్ళీ వాడొచ్చు. మూడోసారీ వాడొచ్చు. ఆ తర్వాత నురగ కట్టి పొయ్యి మీదికి పొంగుతుంది. అది చెప్పబోయి ఆగిపోయాను. ఫ్యాక్టరీకీ గారెలకీ పోలికేమిటి.


జ్యేష్ఠం, బహుళ తదియ

పెద్దకాగు ఊపిరిగొట్టం దగ్గర ఏదో తగిలింది. మాగిపోయిన తాటిపండులా తియ్యగా, దాని వెనకాల మాడిన నూనెలా. ఒక్క పీల్పుకే. మళ్ళీ పీలిస్తే లేదు. మిషన్ పచ్చగా ఉంది.

మెట్టెక్కాను. అందరూ చూస్తున్నారు. ఉందో లేదో నాకే తెలియనప్పుడు ఏమని చెప్పను? "నేదు" అన్నాను. కూత మోగింది.


జ్యేష్ఠం, బహుళ ద్వాదశి

నాలుగు రోజులుగా గొట్టం దగ్గర ఎక్కువసేపు నిలబడుతున్నాను. ఏమీ తెలియడం లేదు. పోయిందన్నమాట. గుండె మీద బరువు దిగింది. ఎల్లుండి ఆషాఢానికి పుట్టింటికి వెళ్తున్నాను. కొత్త కోడలు ఆషాఢంలో అత్తింట ఉండకూడదన్నది అందరికీ ఉన్నదే. ఇక్కడ ఇంకో మాట కూడా అంటారు. నెల్లాళ్ళు కొండగాలికి ముక్కు కడుక్కుని రావాలట. అంతదాకా మిషన్ మాటకే కూత వేస్తారు.


ఆషాఢం, ఏకాదశి, మా ఊళ్ళో

అన్న కూతురికి జ్వరం వచ్చింది. అమ్మ డబ్బాలోంచి మాత్ర తీసి నాకు చూపించింది. మీద తెల్లరేవు ముద్ర, చిన్న పడవ బొమ్మ.

"ఇది మీ ఆయన సేసిందేనేటే?" అంది.

మందు కడిగిన ద్రవం మావ కాచిందే అని చెప్పాను. అమ్మ ఆ మాత్రను అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించి వచ్చింది, ఆ తర్వాతే పిల్లకి వేసింది. తెల్లారేసరికి పిల్ల ఒళ్ళు చల్లబడింది.


శ్రావణం, శుద్ధ విదియ

వచ్చాను. పడవ దిగేసరికి మావ రేవులో ఉన్నాడు. నా మూట అందుకోవడానికి వంగాడు. అతని జుట్టులోంచి వచ్చింది. తాటిపండు, మాడిన నూనె. నేను వెనక్కి తగ్గాను.

"ఏటే, నెల్లాళ్ళకే మొగుడు కంపు కొడతన్నాడేటి?" అని నవ్వాడు.

నేను నవ్వలేకపోయాను. అది పోలేదు. నా ముక్కే దానికి అలవాటు పడింది. నెల్లాళ్ళు దూరంగా ఉండి వస్తే, ఇప్పుడు ఊరంతా అదే.

అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కణతలు నొక్కుకుంటున్నాడు. కాగు ఈమధ్య మొండికేస్తోందట, మంట పెంచితే గానీ ఆవిరి లేవడం లేదట. నురగ కడుతోందట.

"మావా, నీ జుట్టులో మాడిన నూనె వాసనుంది. కాగులోంచి వస్తోంది" అన్నాను. "రేపు గేటు దగ్గర సెప్పీవలసిందే."

అతను మూట కింద పెట్టాడు.

"ఒలే, పున్నమికి జెండా పెద్దలు వస్తారు. ఇప్పుడు కాగు ఆపితే లోపలున్న మడ్డంతా బయట పడతాది. అంత సిక్కటి మడ్డిని పడవ మోయనేదు. ఇక్కడే కాల్చాలి. పొగొస్తాది. ఏడేళ్ళ జెండా దిగిపోతాది. ఎవుడి కాగు అంటారు? తవిటినాయుడి కాగంటారు. ఎవుత్తి సెప్పింది అంటారు? తవిటినాయుడి పెళ్ళాం అంటారు."

"మరి నువ్వు దాని పక్కనే నిలబడతావు కదా."

"మిసను పచ్చగానే ఉన్నాది."

"మిసనుకి గారెల నూనె తెలీదు మావా."

అతను మూట మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. దారంతా మూట మోస్తూ నా ముందు నడిచాడు. నేను గాలికి ఎదురుగా అతని వెనకాల నడిచాను. ఒక్క అడుగు కూడా ఆ వాసన నన్ను వదల్లేదు.

ఇంటికొచ్చాక అతని చొక్కా తీసి అత్తకిచ్చాను. విషయం చెప్పాను. ఆవిడ చొక్కాని మొహానికి అదిమిపెట్టి చాలాసేపు పీల్చింది. దించింది. మళ్ళీ పీల్చింది.

"నాకేటీ తెలీడం నేదే" అంది. "నా కొడుకు చొక్కా. నాకేటీ తెలీడం నేదు."

చొక్కాని మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు.


శ్రావణం, శుద్ధ తదియ

పొద్దున్నే నేను బయల్దేరుతుంటే అత్త తల ముడేసుకుని నా వెనకాలే వచ్చింది. గేటు దాకా వచ్చి, ఎక్కే షిఫ్టు పక్కన ఆగింది. ఆడవాళ్ళు అక్కడ నిలబడరు. మగవాళ్ళు జరిగి చోటిచ్చారు.

నడిచాను. మిగతా గొట్టాల దగ్గర ఏమీ లేదు. పెద్దకాగు గొట్టం దగ్గర కళ్ళు మండాయి.

మెట్టెక్కాను. నాకు రెండు సంగతులు గుర్తొస్తున్నాయి. మా ఊళ్ళో పిల్లకి వేసిన మాత్ర. నేను నోరు తెరిస్తే అలాంటి మాత్రలు ఎన్ని తగ్గుతాయో. ఇంకోటి, మావ కాగు పక్కన నిలబడే చోటు. అక్కడ గచ్చు మీద అతని చెప్పుల అరుగుదల ఉంది.

"ఉంది" అన్నాను.

గురువులు మేస్త్రి మొహంలో నవ్వు లేదు. "మిసన్లన్నీ పచ్చగా ఉన్నాయమ్మా. నిన్ననే పుట్టింటి నుంచి వచ్చినావు. పడవలో సేపల బుట్టల కంపు ముక్కున ఉండిపోయిందేమో. బాగా ఆలోసించి మళ్ళా సెప్పు."

దిగే షిఫ్టులోంచి ఎవరో, "కూత ఏయండి బాబూ, ఆకలేస్తన్నాది" అన్నారు. ఇంకెవరో, "కొండ ముక్కు మాటకి జెండా దింపుకుంటామేటి?" అన్నారు.

నా గొంతు నాది కానట్టు వచ్చింది. గేటు అవతల దాకా వినబడింది.

"ఉంది. పెద్దకాగులో ఉంది."

ఆనవాయితీ ప్రకారం ముక్కుకోడలు ఉందంటే, ఎక్కడుందో వెళ్ళి చెయ్యి వేయాలి. చెయ్యి వేసిన చోట పని ఆగాలి. ఎవరూ కాదనడానికి లేదు. నేను వెళ్ళాను, నా వెనక రెండు షిఫ్టులూ వచ్చాయి. కాగు పక్కన గొట్టం మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది, లోపల ఏదో గుడగుడమంటోంది.

ఇంజనీరు హేమసుందరి గారు జుట్టు కూడా కట్టుకోకుండా పరుగున వచ్చారు. మిషన్ చూశారు. గాజు కిటికీలోంచి కాగులోకి చూశారు. వెనక్కి తిరిగి, "ఇందులో ఏం వేస్తున్నారు?" అన్నారు.

గురువులు మేస్త్రి గచ్చు చూస్తున్నాడు. ఈ కాగు ఎవరిదో అందరికీ తెలుసు. నేను గొట్టం మీది చెయ్యి తీయలేదు, మావ వైపు చూడలేదు కూడా.

"మడ్డి, అమ్మా" అన్నాడు మావ. "ఏడాదై మడ్డిని మళ్ళా కాగులోనే ఏసేస్తన్నాను. నా సేత్తోనే."

"నేనే సెప్పినాను" అన్నాడు గురువులు, అప్పుడు.

ఇంజనీరమ్మ తిట్టలేదు. ఆవిడ పెదవులు పాలిపోయాయి. "మంట తగ్గించండి. ఒక్కసారిగా కాదు, మెల్లగా. మూత ఎవరూ ముట్టుకోవద్దు" అన్నారు. తర్వాత మాతో అన్నారు, "మడ్డిలో సారం ఉన్న మాట నిజమే. కానీ తిరిగిన ప్రతిసారీ పాడు కూడా కొంచెం మిగిలిపోతుంది. దానికి బయటికి దారి లేకపోతే పెరగడం ఒక్కటే దారి. ఇంకొన్నాళ్ళు ఇలాగే మంట పెంచుకుంటూ పోయుంటే కాగు పేలేది. నేను కూడా పడవ రాలేదేమని అడగలేదు. జెండా చూసుకుని సంతోషపడ్డాను."

అత్త గుంపులోంచి వచ్చి, కొడుకు మోచెయ్యి పట్టుకుని కాగుకి దూరంగా లాక్కెళ్ళింది, చిన్నపిల్లాణ్ణి లాగినట్టు.


శ్రావణం, శుద్ధ దశమి

కాగు చల్లబడింది. ఇక మడ్డి తీయాలి. మావ, గురువులు మేస్త్రి మొహానికి తొడుగులు వేసుకుని లోపలికి దిగాలి. లోపలి గాలి ఎప్పుడు బాగుంటుందో, ఎప్పుడు పైకి రావాలో చెప్పడానికి మిషన్ పనికిరాదు. దానికి ఈ వాసన తెలియదు.

"నువ్వు నిలబడాలని రూలేమీ లేదమ్మా" అన్నారు హేమసుందరి గారు. "తొడుగు వేసుకుంటే నీకు వాసన తెలియదు. వేసుకోకపోతే ముక్కుకి మంచిది కాదు. నేను నిన్ను అడగలేను."

ఆవిడ అడగలేదు. నేనే కాగు మూతి దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. వాసన ఎక్కువైనప్పుడల్లా తాడు లాగాను. ఇద్దరూ పైకి వచ్చేవారు. ఒకసారి గురువులు మేస్త్రి తొడుగు తీసి గాలి పీల్చుకుంటూ, "అమ్మా, ఈ దోమ కుడితే ఏనుగు కూడా లెగిసి ఎలిపోతాది" అన్నాడు. అది తిట్టో పొగడ్తో తెలియలేదు. మావ మాత్రం నవ్వాడు.

పని ఇంకా ఉంది. అయ్యేదాకా రోజూ కూర్చుంటాను.


శ్రావణం, పూర్ణిమ

ఇసుకలో గొయ్యి తవ్వి మడ్డి కాల్చారు. జెండా పెద్దలు వచ్చిన రోజే. వాయిదా వేయమని ఎవరూ అడగలేదు, హేమసుందరి గారు కూడా.

పొగ లేచింది. నల్లగా, లావుగా, తెల్లసంచి పక్క నుంచి పైకి. ఊళ్ళో పిల్లలు పొగను ఎప్పుడూ చూడలేదు. ఒక పాప వాళ్ళ నాయన్ని అడుగుతోంది, "నాన్నా, ఆకాశానికి దెబ్బ తగిలిందా?" అని. ఆయన పాపని ఎత్తుకున్నాడు.

జెండా దించారు. దాన్ని మడతపెట్టింది గురువులు మేస్త్రే. అంచుకి అంచు కలిపి, మా అత్త చొక్కా మడతపెట్టినట్టు.

వచ్చే దారిలో ఎవరూ నాతో మాట్లాడలేదు. పాలగిన్నెల వాళ్ళు గుమ్మాల్లో నిలబడి చూశారు. మా ఊరికి వెళ్ళే మాత్రల గురించే నేను ఆలోచిస్తున్నాను. వచ్చే ఏడు అమ్మ డబ్బాలో ఎన్ని ఉంటాయో.

ఎదురింటి తాత ఒక్కడే అరుగు మీంచి, "తవిటీ, బతికున్నావా?" అని అరిచాడు.

"ఉన్నాను తాతా."

"అయితే సాలు. జెండా పోతే మళ్ళా ఎగరేసుకోవచ్చు, నువ్వు పోతే మళ్ళా తెచ్చుకోలేం."


భాద్రపదం, చవితి

పండగ పూట అత్త పులిహోరకి పోపు వేసింది.

"ఒలే అసిరీ, మాడిందేటి?"

వెళ్ళి మూకుడు మీదికి వంగాను. ఆవాలు నల్లగా ఉన్నాయి, ఆవాలు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి. మిరపకాయలు ఎర్రగా ఉన్నాయా, గోధుమరంగా? కంటితో చూస్తున్నాను. చూస్తున్నానని తెలిసింది. ఇంకా వంగాను. ఆవిరి మొహానికి తగులుతోంది. వేడిగా ఉంది, అంతే.

అత్త గరిటె పట్టుకుని నా మొహం చూసింది. పొయ్యి ఆపేసింది. నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని, "మిరపకాయ మెడ దగ్గర సూడు" అంది. "మెడ నలుపెక్కితే మాడినట్టు. నేను నేర్పుతాను."


ఆశ్వయుజం, శుద్ధ పంచమి

పెద్దకాగు మళ్ళీ మొదలైంది. ఇప్పుడు తిప్పిన ప్రతిసారీ అడుగునుంచి కొంత తీసి పక్కన పెట్టి, పడవకి ఎక్కిస్తారు. మందు కాస్త తగ్గింది. రేవులో పడవ కనబడితే ఊళ్ళోవాళ్ళు ఒకప్పుడు సిగ్గుపడేవారట. నిన్న గురువులు మేస్త్రి దాని పక్కన నిలబడి లెక్క రాయిస్తూ, నన్ను చూసి చెయ్యెత్తాడు. గేటు మీద గుంజ ఖాళీగా ఉంది. మళ్ళీ జెండా రావడానికి ఏళ్ళు పడుతుందట.

మెట్టు మీద నిలబడడానికి ఇంకో పిల్ల వచ్చింది, నది అవతలి ఊరి నుంచి, వేపచెట్టంత గొంతుతో. ఈ పలక రేపు ఆ పిల్లకి ఇచ్చేయాలి. నేను ఎక్కువ రాశానని ఏమైనా అంటారేమో.

సాయంత్రం మావ ఆకుపొట్లం తెచ్చాడు. విప్పితే కనకాంబరాలు కాదు. జాజులు. పొట్లం నిండా, తడి తడిగా.

"ఇంక రూలు నేదు కదేటి" అన్నాడు.

దోసిట్లోకి తీసుకుని మొహం ముంచాను. చల్లగా, మెత్తగా తగిలాయి. వానకాలంలో మా ఇంటి పందిరి కింద ఈ పువ్వులు ఎలా ఉండేవో తలుచుకున్నాను. తలుచుకోవడం వేరు. అత్త గుమ్మంలోంచి మమ్మల్ని చూస్తోంది. మా ముగ్గురిలో ఎవరికీ తెలియని వాసన ఇల్లంతా ఉండే ఉంటుంది.

"వాసనుందేటే?" అని అడిగాడు మావ, చాలా మెల్లగా. ఏమని చెప్పాలో తనే కళ్ళతో అందిస్తున్నాడు.

"నేదు మావా" అన్నాను.

అతను పొట్లం వెనక్కి తీసుకోబోయాడు. నేను ఇవ్వలేదు. అతని వైపు వీపు పెట్టి కూర్చుని, జడ ముందుకి పోకుండా పట్టుకున్నాను.

"పెట్టు" అన్నాను.